ఎండలో సిలిండర్

కోటప్పకొండ తిరునాళ్ళలో సర్దార్ అమ్మే గ్యాస్ బుడగల గురించి నరసరావుపేటలో చెప్పుకునే మాటల్లో సగం నమ్మినా చాలు, మనిషి కాళ్ళు నేల మీద ఆనవు. ఒక ఏడు ఓ మేకపిల్ల బుడగల గుత్తి దారం మింగి గాల్లోకి లేచి, పొలాలూ చెరువులూ దాటి నడికుడి స్టేషన్లో దిగిందట. టికెట్ కలెక్టరు దాన్ని ఆపితే, పట్టాల మీద రాని వాళ్ళకి టికెట్ లేదని స్టేషన్ మాస్టరు వదిలేశాడట. ఇంకో ఏడు ఓ పెదనందిపాడు షావుకారు బేరం తెగక బుడగ దారం పట్టుకుని గుంజుతుంటే, ఆ బుడగే ఆయన్ని కొండ పైదాకా తీసుకెళ్ళి స్వామి దర్శనం చేయించి కిందికి దించిందట. మెట్లెక్కకుండా మొక్కు చెల్లినట్టా కాదా అని ఆ ఇంట్లో ఇప్పటికీ తగాదా నడుస్తూనే ఉంది.

ఇవన్నీ సర్దారే పుట్టించాడని అతని భార్య షాహిదా అంటుంది. పుట్టించినా తప్పులేదు. ఏడాది పొడుగునా పుట్టినరోజులకీ, షాపు ఓపెనింగులకీ పిలిస్తే వెళ్ళి బుడగలు నింపే మనిషికి, శివరాత్రి తిరునాళ్ళ ఒక్కటే అసలైన పంట. ఆ పంటకి నాగలీ ఎద్దూ అన్నీ ఒకటే: నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చే ఇనప సిలిండర్. అది సర్దార్ సొంతం. అది ఉంటే బుడగ ఎగురుతుంది, లేకపోతే సర్దార్ కూడా నోటితో ఊది పుల్లకి కట్టి అమ్ముకునే పదిమందిలో పదకొండోవాడు.

ఆ శివరాత్రి పొద్దున్నే వణికించే చలిలో కొండ కింద కొట్టు పెట్టారు. సర్దార్ గ్యాస్ పడుతుంటే షాహిదా బుడగ మూతి ముడేస్తోంది, వాళ్ళమ్మాయి ముస్కాన్ దారం కడుతోంది. ముస్కాన్ ఇంటర్ ఫస్టియర్. వచ్చే నెల పరీక్షలు. రాత్రంతా వాయు నియమాలు చదివి వచ్చింది కాబట్టి ఆ పూట ఆ పిల్లకి లోకమంతా వాయువుతోనే నిండి కనిపిస్తోంది.

"నాన్నా, కాస్త వదులుగా పట్టు. మధ్యాహ్నం ఎండకి లోపల గ్యాస్ వ్యాకోచించుద్ది. పగుల్తయ్."

"వదులుగా ఉంటే ఎవడు కొంటాడే? బుడగంటే ఆంబోతు మూపురంలా ఉండాల."

ఆ మాటా నిజమే. పల్నాట్లో వంకాయ దగ్గర్నుంచి గేదె పొదుగు దాకా వేలితో నొక్కి చూడందే బేరం కాదు. పిల్లాడు బుడగ కావాలని ఏడుస్తుంటే, తండ్రి ముందుగా దాన్ని నొక్కుతాడు. వేలు లోపలికి పోయిందా, "గాలి తక్కువ పట్టావేందయ్యా, మోసమా?" అని పక్క కొట్టుకి వెళ్ళిపోతాడు. అందుకే సర్దార్ ప్రతి బుడగనీ రబ్బరు సన్నబడి అవతలి మనిషి కనిపించేదాకా నింపుతాడు.

"నీ కూతురు గ్యాస్ చదివింది, నువ్వు గ్యాస్ పట్టావ్," అంది షాహిదా. "ఇద్దర్లో ఎవరు పాసవుతారో పొద్దు నడినెత్తికొచ్చేసరికి తెలిసిద్దిలే."

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎలాంటి ఎండ అనుకున్నారు! కొండ మీద కోతులు ప్రసాదం వదిలేసి జనం చేతుల్లో మంచినీళ్ళ సీసాలు లాక్కున్నాయి. ఏనాటిదో శాపం వల్ల ఎప్పుడూ ఆ కొండ మీద వాలని కాకులు, ఆ రోజు మాత్రం శాపం సంగతి తర్వాత చూసుకుందాం, కాస్త నీడ దొరికితే చాలని పునరాలోచనలో పడ్డాయట.

అప్పుడు ఠప్పుమంది మొదటి బుడగ.

"శివుడికి టపాకాయ!" అని నవ్వాడు సర్దార్.

రెండోది పగిలినప్పుడు నవ్వు సగమైంది. ఆ తర్వాత ఎవరో తోరణానికి నిప్పు పెట్టినట్టు ఠపా ఠపా పగులుతూ పోయాయి. దారాలు మాత్రం చేతిలో మిగిలాయి. సర్దార్ మిగిలిన గుత్తిని నీడకి లాగుతూ కూతురి వైపు చూడలేదు.

ముస్కాన్‌కి జాలేసింది. దాంతోపాటు, ఒప్పుకోవడానికి సిగ్గుపడేంత గర్వం కూడా కలిగింది. తను చెప్పింది చెప్పినట్టు జరిగింది! పుస్తకంలోది కాగితం దాటి వచ్చి నాన్న బుడగల్ని పగలగొట్టింది. ఆ గర్వంతోనే తల తిప్పి చూసింది. పొద్దున టార్పాలిన్ నీడలో ఉన్న సిలిండర్ ఇప్పుడు నిలువునా ఎండలో ఉంది. దానికి ఆనుకుని సర్దార్ కుర్చీ.

బుడగంటే సాగుతుంది, సాగి సాగి పగులుతుంది. ఇనుము సాగదు. మరి లోపలి గ్యాస్ ఏం చేస్తుంది? పీడనం పెంచుకుంటుంది. ముస్కాన్ బుడగల మీద పేర్లు రాసే స్కెచ్ పెన్ను తీసి ఎడమ అరచేతిలో లెక్క వేసింది. పీ వన్ బై టీ వన్, పీ టూ బై టీ టూ. ఫోన్లో చూస్తే పొద్దున పంతొమ్మిది డిగ్రీలు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిదిని పంతొమ్మిదితో భాగిస్తే రెండు.

పీడనం రెండింతలు!

పిల్ల ఇంకోసారి వేసింది. రెండే. పంతొమ్మిది రెళ్ళు ముప్ఫై ఎనిమిది అని రెండో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. చుట్టూ చూసింది. చెరుకు గడలు భుజాన వేసుకున్న వాళ్ళు, చంకన పిల్లలున్న వాళ్ళు, ఒకరి మీద ఒకరు పడుతూ పోతున్న జనం. సర్దార్ మళ్ళీ కుర్చీలో కూర్చోబోతున్నాడు.

"నాన్నా, లే! సిలిండర్ పేలుద్ది! పేలుద్ది నాన్నా!"

తిరునాళ్ళలో మాట కాళ్ళతో నడవదు, రెక్కలతో పోతుంది. చెరుకు కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి సిలిండర్ పేలబోతోంది. గాజుల కొట్టు దగ్గర పేలిపోయింది. బస్సులు ఆగే చోట ఒక లారీ నిండా సిలిండర్లు పేలాయి. కొండ మీద క్యూలో నిలబడ్డ వాళ్ళకైతే కొండకే బీట పడిందని, మూడు శిఖరాల్లో ఒకటి తగ్గిందని చేరింది. కొందరు వేళ్ళు పెట్టి లెక్కపెట్టుకున్నారు కూడా.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణుంచి కాదు. జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ముందు వాళ్ళకి ఎందుకో తెలియదు, వెనక వాళ్ళకి దారి లేదు. ఎవరిదో పిల్లాడి చెప్పు, ఎవరిదో కొబ్బరికాయ, ఎవరిదో ఏడుపు. పోలీసులు విజిళ్ళేస్తూ తాళ్ళు కట్టి జనాన్ని రెండు పాయలుగా చీల్చారు కాబట్టి సరిపోయింది. ముప్పాళ్ళ నుంచి వచ్చిన సుశీలమ్మ అనే పెద్దావిడ మాత్రం కింద పడింది. ఆవిడ మణికట్టు విరిగింది.

తాళ్ళు కట్టిన కానిస్టేబుల్ దేవానందం సర్దార్ జబ్బ పట్టుకుని, కూతుర్ని కూడా వెంట రమ్మన్నాడు. మరో నలుగురు తడి గోనెలు కప్పి సిలిండర్‌ని అవుట్‌పోస్టు వెనకున్న నీడకి దొర్లించుకుపోయారు.

అవుట్‌పోస్టంటే షామియానా వేసిన పందిరి. లోపల ఎస్సై ప్రిస్కిల్లా టేబుల్ దగ్గర నిలబడి ఉంది. పక్క కుర్చీలో చేతికి కట్టు కట్టించుకుని సుశీలమ్మ కూర్చుంది.

"ఈ పిల్లేనా అరిచింది?" అంది సుశీలమ్మ. "ఏమే, పేలిందా?"

"లేదు పెద్దమ్మా."

"మరి నన్నెందుకు పరిగెత్తించావే? నా పెళ్ళప్పుడు కూడా నేను అట్టా పరిగెత్తలా!"

ముస్కాన్ తల వంచుకుంది. కట్టులోంచి బయటికి కనిపిస్తున్న ఆవిడ వేళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయింది. చూడకుండా ఉండలేకపోయింది.

"ఎందుకు అరిచావమ్మా?" అంది ఎస్సై. "గ్యాస్ కారిందా? వాసనొచ్చిందా?"

"లెక్కొచ్చింది మేడం," అని అరచెయ్యి చాపింది ముస్కాన్.

ప్రిస్కిల్లా ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను తెలుగు ఎం.ఏ. తల్లీ. నాకు ఛందస్సు తెలుసుగానీ ఇది తెలీదు. ఈ లెక్క సరైందో కాదో చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉంది. కెమిస్ట్రీ లెక్చరర్ పద్మజ. ముస్కాన్ ఫోన్ చేసి, ఎస్సై చెప్పినట్టు స్పీకర్ పెట్టింది. అవతల పద్మజ మేడం ఉపవాసంలో ఉంది, గొంతులో ఓపిక కూడా ఉపవాసంలోనే ఉంది.

"చెప్పమ్మా... పంతొమ్మిది... ముప్ఫై ఎనిమిది... రెండింతలా? ఒసే ముస్కానూ, రెండువందల డెబ్బై మూడు కలిపావా?"

బయట మైకులో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతున్నారు.

"కలపలేదు మేడం."

"సెల్సియస్‌తో వేస్తే ఎట్టా వచ్చిద్దే? అట్టయితే సున్నా డిగ్రీల దగ్గర పీడనం మొత్తం మాయమైపోవాలిగా! ఎన్నిసార్లు చెప్పా క్లాసులో, కెల్విన్లోకి మార్చందే చెయ్యి కదపొద్దని! మళ్ళీ వెయ్యి."

ముస్కాన్ కుడి అరచేతిలో వేసింది. పెన్ను కుడి చేత్తోనే పట్టే అలవాటు కాబట్టి ఎడం చేత్తో రాసిన అంకెలు కోడి కెలికినట్టు వచ్చాయి. పంతొమ్మిది కాదు, రెండువందల తొంభై రెండు. ముప్ఫై ఎనిమిది కాదు, మూడువందల పదకొండు. భాగిస్తే ఒకటీ, పైన కాస్త.

"వందకి ఏడు వంతులు కూడా పెరగలేదు మేడం."

"అంతే. ఆ కాస్తకి మంచి సిలిండరేం పేలదు. ఎండలో ఇంకొంచెం కాగినా పేలదు. సరే, ఎక్కడున్నావు నువ్వు? ఎవరితో ఉన్నావు?"

"పోలీసులతో మేడం."

అవతల కాసేపు ఉపవాసం, మౌనవ్రతం రెండూ కలిసి నడిచాయి. తర్వాత ఎస్సై ఫోన్ తీసుకుని, భయపడాల్సిందేమీ లేదని పద్మజకి నచ్చజెప్పి పెట్టేసింది.

"అంటే ఇంతమందిని తొక్కిచ్చింది రెండువందల డెబ్బై మూడా!" అన్నాడు దేవానందం. "అదేదో మాకు పట్టిస్తే, లోపలేసేవాళ్ళంగా."

ఎవరూ నవ్వలేదు. సర్దార్ మాత్రం ముఖం విప్పాడు. పట్టుబడ్డప్పటి నుంచి అతని ముఖంలోకి రక్తం రావడం అదే మొదలు.

"చూశారా మేడం! పిల్ల, లెక్క తప్పింది. పరీక్షలొస్తున్నాయి గదా, బెదురు. నేను ఇరవయ్యేళ్ళ నుంచి దాని పక్కనే కూర్చుంటున్నా, ఏ రోజూ కిక్కురుమనలా. ఇప్పిచ్చండి మేడం, ప్రభలొచ్చే టైమైంది. పెద్దమ్మని నేనే కారు మాట్లాడి ఇంటికి పంపిస్తా. ఆ చెయ్యి నయమయ్యేదాకా నాదే పూచీ."

ప్రిస్కిల్లా సుశీలమ్మ వైపు చూసింది. సుశీలమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది. అది ఒప్పుకోవడమే అయి ఉండాలి.

"సరే. అమ్మాయ్, నువ్వు ఒక్క మాట చెప్పు. అరిచింది నువ్వే గనక నువ్వే చెప్పాల. ఆ సిలిండర్‌కి భయం లేదా? భయం లేదంటే తీస్కెళ్ళండి."

అందరూ లేచి పందిరి వెనక్కి వెళ్ళారు. సిలిండర్ గోనెల మీద పక్కకి పడుకుని ఉంది. అది అలా పడుకోగా ముస్కాన్ ఎప్పుడూ చూడలేదు. పుట్టినప్పటి నుంచి అది నిలబడి ఉండగానే చూసింది, పండక్కి తయారైన పెళ్ళికొడుకులా. అవును మరి, తిరునాళ్ళ వస్తోందంటే ఊళ్ళు దీపాలతో ఊరేగించే ఎత్తైన ప్రభలకి రంగు కాగితాలు అంటిస్తాయి, సర్దార్ సిలిండర్‌కి రంగు వేస్తాడు. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు పచ్చ. పాత రంగు గీకడం అశుభమని దాని మీదే వేస్తాడు. అలా వేసీ వేసీ, సిలిండర్ పరీక్ష ఎప్పుడు జరిగిందో చెప్పేలా మెడ మీద గుద్దిన అంకెలు ఎప్పుడో పూడిపోయాయి. అక్కడ వేలు పెడితే నున్నగా తగులుతుంది.

ఇప్పుడు దొర్లించుకురావడంలో అడుగు వైపు రంగు పెచ్చులు లేచింది. ఆ పెచ్చుల లోపల ఇనుము లేదు. ఎర్రటి పొడి ఉంది. తడిసి ఎండిన అట్టలా పొరలు పొరలుగా రాలి గోనె మీద పడింది.

ముస్కాన్ చూసింది. చూస్తుండగానే తండ్రి చెప్పు మెల్లగా జరిగి ఆ పొడి మీదికి వచ్చి ఆగింది.

ఎస్సై చూడలేదు, వాల్వు వైపు చూస్తోంది. దేవానందం చూడలేదు. సర్దార్ కూతురి కళ్ళలోకి చూశాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. చిన్నప్పుడు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని, పట్టుకున్నావా అని అడిగేటప్పుడు ఎలా చూసేవాడో అలా చూశాడు.

"చెప్పమ్మా," అంది ప్రిస్కిల్లా.

భయం లేదంటే అబద్ధం కాదు. లెక్క ప్రకారం ఎండకి భయం లేదు. పద్మజ మేడం కూడా అదే అంది. కానీ మేడం ఇంకో మాట కూడా అంది. మంచి సిలిండర్ పేలదని. ఆ 'మంచి' అన్నది ముస్కాన్ రెండు అరచేతుల్లోనూ ఎక్కడా లేదు. ఇందాక ఒకసారి తనకి అన్నీ తెలుసనుకుంది. దాని ఫలితం సుశీలమ్మ చేతికి కట్టై కూర్చుంది. ఇప్పుడు తెలియనిదాన్ని తెలుసని చెబితే, దాని ఫలితం ఎవరి మీద కూర్చుంటుంది? ఆ కుర్చీలో కూర్చునేది నాన్న. పక్కన మూతులు ముడేసేది అమ్మ.

"ఎండకి పేలదు మేడం," అంది. "నేను అరిచింది తప్పే. కానీ ఇది గట్టిగా ఉందో లేదో నా లెక్క చెప్పదు. అడుగు తుప్పు పట్టింది. నాన్న చెప్పు కింద చూడండి."

సర్దార్ కాలు తీయలేదు. తీయమని ఎవరూ అనలేదు. కాసేపటికి తనంతట తనే తీశాడు.

ప్రిస్కిల్లా వంగి, వేలితో అడుగున నొక్కింది. పల్నాటి మనిషే కదా ఆవిడ కూడా. పెచ్చు ఊడి వేలికి అంటుకుంది. లేచి, ఆ వేలిని రుమాలుకి తుడుచుకుంది.

"ఇట్టాంటిది జనంలో పెట్టావా సర్దార్?"

"రంగేశా మేడం," అన్నాడు సర్దార్.

ఫైరింజను వాళ్ళని పిలిచారు. గ్యాస్ ఖాళీ చేసి సిలిండర్‌ని పరీక్షకి పంపాలన్నారు. బాగుంటే తిరిగి ఇస్తారట. బాగుంటుందని అక్కడున్న వాళ్ళెవరూ అనుకోలేదు. కొట్టు దగ్గర సామాను సర్దుతున్న షాహిదాకి కబురు చెప్పింది ముస్కానే. షాహిదా విని, చేతిలో ఉన్న దారపుండ వైపు చూసి, దాన్ని సంచిలో వేసుకుంది. "మీ నాన్న దగ్గరికి పో. ఒక్కణ్ణే వదలమాక," అంది.

జనానికీ దీపాలకీ దూరంగా, కోత అయిపోయిన చేలోకి తీసుకెళ్ళారు సిలిండర్‌ని. వాల్వు బిగుసుకుపోయి ఫైరు వాళ్ళకి లొంగలేదు. దాని మొండితనం తెలిసినవాడు సర్దార్ ఒక్కడే. వాళ్ళు చెప్పినట్టు గాలి వీపుకి తగిలేలా నిలబడి, వాల్వు తిప్పే తన తాళంచెవితో తనే తిప్పాడు. మెల్లగా, వాళ్ళు చాలన్నంత మేరకే తిప్పి, వెనక్కొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కాస్త ఎడంగా ముస్కాన్ కూర్చుంది.

చూడటానికి ఏమీ లేదు. రంగు లేదు, పొగ లేదు. తాచుపాము పడగ విప్పినట్టు బుస్సుమని ఒక శబ్దం, అంతే. ఆ శబ్దం తగ్గుతూ ఉంది. దూరంగా మొదటి ప్రభ దీపాలు వెలిగాయి. డప్పులు మోగాయి.

"నోరు మూసుకుంటే పోయేదిగా," అన్నాడు సర్దార్, చేను వైపే చూస్తూ.

ముస్కాన్ అరచేతిలోని అంకెల్ని గట్టు మట్టితో రుద్దింది.

"ఈ ఒక్క సాయంత్రం. రేపు నేనే పారేసేవాణ్ణి."

అతను పారేసేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బుస ఇంకా తగ్గింది. సర్దార్ ఆకాశంలోకి తలెత్తి చూశాడు, అక్కడ ఏదో కనిపిస్తున్నట్టు.

"ఎన్ని బుడగలే అయ్యి? పోయినయ్యి?"

ఆ లెక్కకి కావాల్సినవన్నీ ముస్కాన్‌కి తెలుసు. పీడనం తెలుసు, సిలిండర్ ఘనపరిమాణం తెలుసు, ఒక్కో బుడగకి నాన్న ఎంత పడతాడో చిన్నప్పటి నుంచీ తెలుసు. పెదవి కదిపింది.

"చెప్పమాక," అన్నాడు సర్దార్.

ముస్కాన్ చెప్పలేదు. శబ్దం ఆగిపోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.